వేడిని తోడు యంత్రము



జోగిపేట అనగానే చరిత్ర తెలిసినవారికి 1930వ సంవత్సరము జ్ఞప్తికి వచ్చును. నిజాం రాష్ట్రమున మొదటి ఆంధ్ర మహాసభ సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన ఆ ఊరనే జరిగినది. అయితే నేడు మేము చెప్పదలచినది ఆ చరిత్రను గూర్చి కాదు, ఆ ఊరి చుట్టునున్న నీటిని గూర్చి. జోగిపేటకు సమీపమున మంజీరానదిపై సింగూరు జలాశయము కలదు. దక్షిణముగా పోయినచో సంగారెడ్డి, అచ్చటికి ఆగ్నేయమున పటాన్‌చెరు. ఆ దారి పొడవున మందులు, రసాయనములు, యంత్రపరికరములు తయారుచేయు కర్మాగారములు. ఒక ప్రక్క నీరు, ఒక ప్రక్క పరిశ్రమ. ఈ రెంటిని కలుపు యంత్రమొకటి కలదు. దానిని హీట్ పంపు అందురు. నీటినుండి వేడిని గ్రహించు హీట్ పంపును ఎట్లు నడకకు తేవలెను, తెచ్చిన పిమ్మట ఎట్లు కాపాడుకొనవలెను అనునది నేటి మా ప్రసంగ విషయము.

హీట్ పంపు అను మాట క్రొత్తగా తోచవచ్చును గాని, అందలి సూత్రము మన పల్లెలకు పాతదే. నీరు తనంతట తాను పల్లమునకే పోవును. బావిలోని నీరు గట్టునకు రావలెనన్న మోట కట్టి ఎడ్లచేత లాగించవలెను. వేడియు అట్టిదే. అది తనంతట తాను వేడివస్తువునుండి చల్లని వస్తువునకే పోవును. చల్లని నీటిలోనున్న వేడిని మరింత వేడినీటిలోనికి ఎక్కించవలెనన్న దానికిని ఒక మోట కావలెను. ఆ మోటయే హీట్ పంపు. ఎడ్ల బదులు విద్యుచ్ఛక్తితో తిరుగు కంప్రెసరు, బొక్కెన బదులు మెకానిక్కులు గ్యాసు అని పిలుచు ద్రవ్యము. ఆ ద్రవ్యము ఒకచోట ఆవిరియై వేడిని పీల్చును. కంప్రెసరు దానిని అదిమిన పిమ్మట మరియొకచోట ద్రవమై ఆ వేడిని విడుచును. మీ ఇంటి రిఫ్రిజరేటరు ప్రక్కగోడపై చేయి పెట్టి చూడుడు. లోపల పాలను, కూరలను చల్లబరచి తీసిన వేడియే అచ్చట మీ చేతికి తగులుచున్నది.

బావి ఎంత లోతైన ఎడ్లకు అంత శ్రమ. ఇచ్చటను అంతియే. 27 డిగ్రీల నీటినుండి వేడిని 55 డిగ్రీలకు ఎక్కించుట ఒకయెత్తు, 80 డిగ్రీలకు ఎక్కించుట మరియొకయెత్తు. మొదటి పనిలో మంచి యంత్రము ఒక యూనిటు విద్యుత్తును వాడుకొని సుమారు నాలుగు యూనిట్ల వేడిని ఇచ్చును. రెండవ పనిలో ఆ లాభము బాగుగ తగ్గును. సాధారణమైన గీజరులో ఒక యూనిటు విద్యుత్తునకు ఒక యూనిటు వేడియే గదా! కావున ఎంత వేడి కావలెనో అంతకే యంత్రమును నిలుపుట మొదటి పొదుపు.

ఈ ఆలోచన నిన్న మొన్నటిది కాదు. యంత్రముచే వేడిని ఎక్కించి భవనములను వెచ్చగా ఉంచవచ్చునని 1852లో విలియం థామ్సన్, అనగా తరువాతి లార్డ్ కెల్విన్, ప్రతిపాదించెను. స్విట్జర్లాండులోని జూరిచ్ నగర సభాభవనమునకు 1938లో లిమ్మాత్ నదీజలమునుండి వేడిని తోడు యంత్రమును అమర్చిరి. లండనులో 1951లో తెరచిన రాయల్ ఫెస్టివల్ హాలునకు థేమ్స్ నది నీటితో ఇట్టి ప్రయత్నమే జరిగినది. ఆ దేశములలో చలి ఎక్కువ; గదులను వెచ్చజేయుటకు వారు నదిని ఆశ్రయించిరి. మనకు అట్టి అవసరము లేదు. మనకు కావలసినది వేడినీరు. ఆసుపత్రిలో దుప్పట్లు ఉతుకుటకు, వసతిగృహములో విద్యార్థుల స్నానమునకు, పాలశీతలీకరణ కేంద్రములో డబ్బాలు కడుగుటకు, మందుల కర్మాగారములో పాత్రలను శుభ్రపరచుటకు ప్రతిదినము వేడినీరు కావలెను. అంతేకాక, వీనిలో అనేకచోట్ల ఒకేవేళ చల్లదనము కూడ కావలెను. ఒక ప్రక్క పాలను చల్లబరచుటకు ఒక యంత్రము నడుచుచు వేడిని ఆకాశములోనికి విడుచుచుండును. మరియొక ప్రక్క నీరు కాచుటకు ఇంధనము మండుచుండును. ఇంటిలో ఒక కుమారుడు ధాన్యమును అమ్మివేయుచుండగా మరియొకడు బజారున కొని తెచ్చినట్లున్నది ఈ వ్యవహారము.

ఇంతవరకు చెప్పినది యంత్రము గుణము. ఇక నీటి లెక్క చూతము. 50 కిలోవాట్ల వేడినిచ్చు హీట్ పంపు ఒకటి ఉన్నదనుకొందము. అందులో 12½ కిలోవాట్లు విద్యుత్తునుండి, మిగిలిన 37½ కిలోవాట్లు నీటినుండి రావలెను. నీరు యంత్రములో 5 డిగ్రీలు చల్లబడునట్లు అమర్చినచో సెకనుకు సుమారు 1.8 లీటర్ల నీరు పారవలెను. గంటకు సుమారు 6,400 లీటర్లు. పది గంటలకు 64,000 లీటర్లు. గ్రామీణులకు తలకు దినమునకు 55 లీటర్ల నీరు అందవలెనని 2019లో ఆరంభమైన జల జీవన్ మిషన్ ప్రమాణము పెట్టినది. ఆ లెక్కన మన యంత్రము గుండ పోవు నీరు సుమారు 1,160 మందికి సరిపోవును. బోరుబావినుండి తోడిన ఆ నీటిని వేడి తీసికొనిన పిమ్మట కాలువలోనికి విడిచిపెట్టినయెడల, విద్యుత్తులో పొదుపు చేసితిమని సంతోషించుచు ఒక ఊరి నీటిని పారబోసినవారమగుదుము.

సింగూరు నీడన నివసించువారికి దీనిని విప్పి చెప్పనక్కరలేదు. సుమారు 30 టి.ఎం.సి.ల నీరు నిలువగల ఆ జలాశయము 2016 వేసవినాటికి దాదాపు ఎండిపోగా, అచ్చటినుండి హైదరాబాదునకు పోవు నీరు నిలిచిపోయినది. పటాన్‌చెరు ప్రాంతపు బాధ మరియొక విధమైనది. పరిశ్రమల వ్యర్థజలములు నక్కవాగులోనికి, భూగర్భములోనికి దిగి బావులు చెడిపోయిన సంగతి 1990లోనే సుప్రీంకోర్టు ముందునకు పోయినది. ఆ నక్కవాగు వచ్చి కలియునది మంజీరలోనే. కాబట్టి ఈ ప్రాంతమున నీటితో నడుచు ఏ యంత్రమును గూర్చియైనను రెండు ప్రశ్నలు వేయవలెను. నీరు ఎచ్చటినుండి వచ్చును? ఎచ్చటికి పోవును? మా అభిప్రాయము ఒక్కమాటలో ఇది: హీట్ పంపు నీటినుండి వేడిని మాత్రమే అప్పు తీసికొనవలెను, నీటిని తీసికొనరాదు.

దీనికి దారులు లేకపోలేదు. బోరునుండి తీసిన నీటిని మరియొక బోరుద్వారా అదే పొరలోనికి తిరిగి దింపుట ఒక దారి. మన శిలామయభూములలో ఇది అన్నిచోట్ల సాగదు. పైగా 2002 నాటి నీరు, భూమి, వృక్షముల చట్టము బోరుబావులకు హద్దులు పెట్టినది. దాని ప్రకారము అనుమతి పొందవలెను. ఇందు మరియొక చిక్కు కలదు. నీరు 500 అడుగుల లోతున ఉన్నయెడల, మనము చెప్పుకొనిన ప్రవాహమును పైకి తెచ్చుటకే దాదాపు 5 కిలోవాట్ల మోటారు శక్తి పోవును. అప్పుడు ఒకటికి నాలుగు అన్న లాభము ఒకటికి మూడుకంటె తక్కువకు దిగును. యంత్రమును అమ్మువారి కాగితములో ఆ మోటారు లెక్క కనిపించకపోవచ్చును. మీ విద్యుత్తు బిల్లులో తప్పక కనిపించును.

అంతకంటె మేలైన దారి, ఉన్న వేడిని ఉన్నచోటనే మూసిన గొట్టములలో త్రిప్పుకొనుట. పాలకేంద్రమునే చూడుడు. 35 డిగ్రీల వేడితో వచ్చిన 5,000 లీటర్ల పాలను 4 డిగ్రీలకు చల్లబరచినచో సుమారు 170 యూనిట్ల వేడి బయటపడును. కంప్రెసరు వాడుకొనిన విద్యుత్తు కూడ వేడియై దానితో కలియును. ఆ మొత్తముతో, నష్టములు పోగా, 27 డిగ్రీల నీరు 5,000 లీటర్లను 60 డిగ్రీలకు కాచుకొనవచ్చును. పాలు చల్లబడినవి, డబ్బాలు కడుగు నీరు కాగినది, బోరునుండి వేడి కొరకు ఒక్క చుక్కయు తీయలేదు. కర్మాగారములలో కూలింగ్ టవరునకు పోవు నీరు ఇట్టిదే. అచ్చట నీరు ఆవిరియై పోవుటవలననే వేడి తొలగుచున్నది. ఆ నీటినుండి మన హీట్ పంపు దినమునకు 375 యూనిట్ల వేడిని తీసికొన్నచో, టవరులో ఆవిరియగు నీరు సుమారు 500 లీటర్లు మిగులును. అనగా సరియైన చోట నిలిపిన యంత్రము నీటిని త్రాగకపోగా నీటిని మిగుల్చును.

ఇక యంత్రమును నడకకు తెచ్చు పద్ధతి చెప్పుదము. స్విచ్చు వేయుటయే ప్రారంభమని తలచువారు కలరు. ఆ స్విచ్చునకు ముందు చేయవలసిన పని చాల ఉన్నది. మొదట నీటిని పరీక్ష చేయించవలెను. కాఠిన్యము, ఆమ్లక్షారగుణము, క్లోరైడులు, ఇనుము ఎంతెంత ఉన్నవో తెలియక యంత్రమును ఎన్నుకొనుట జాతకము చూడక లగ్నము పెట్టించినట్లే. కఠినజలము వేడి తగిలినచోట సున్నపు పొరను కట్టును. అన్నపుగిన్నెలోను, గీజరులోను తెల్లగా కట్టునది అదియే. క్లోరైడులు ఎక్కువైన నీరు స్టెయిన్‌లెస్ స్టీలు రేకులకు సైతము సన్నని రంధ్రములు పొడుచును.

తరువాత గొట్టములను కడుగుట. క్రొత్త గొట్టములలో వెల్డింగు పొట్టు, ఇసుక, నార తప్పక ఉండును. వానిని యంత్రముగుండ పోనీయక, ప్రక్కదారి గొట్టముద్వారా త్రిప్పి, నీరు తేటపడువరకు కడుగవలెను. యంత్రములోని రేకుల సందులు రెండు మూడు మిల్లీమీటర్లకు మించవు. అందు ఇరుకుకొనిన ఇసుకరేణువు మరి రాదు. యంత్రమునకు ముందు జల్లెడ, అనగా స్ట్రెయినరు, విధిగా ఉండవలెను. అటుపిమ్మట నీటిగొట్టములకు పనిచేయు ఒత్తిడికి ఒకటిన్నర రెట్ల ఒత్తిడి పెట్టి కారుట లేదని చూడవలెను.

గ్యాసు ప్రక్క పరీక్షకు నైట్రోజనునే వాడవలెను. ఆక్సిజనును ఎన్నడును వాడరాదు. నూనెతో కలిసిన అది ప్రేలును. తరువాత శూన్యపు పంపుతో గాలిని, తేమను లాగివేయవలెను. 500 మైక్రానుల వరకు దిగి, పంపు ఆపిన పిమ్మట ఆ సూచిక వేగముగా పైకి ఎక్కకుండ నిలిచినప్పుడే లోపల తేమ లేదని, కారుట లేదని నమ్మవచ్చును. కంప్రెసరు అడుగునున్న నూనెను వెచ్చజేయు హీటరును నడకకు ఒక దినము ముందుగనే వేయవలెను. మూడు ఫేజుల క్రమము సరిచూడవలెను. క్రమము తప్పినచో స్క్రోల్ కంప్రెసరు వెనుకకు తిరిగి చెడిపోవును.

అన్నిటికంటె ముఖ్యమైనది నీటి ప్రవాహము. దానికి మీటరు ఉండుట మంచిది. తిరిగివచ్చు నీరు తొట్టిలో పడు ఏర్పాటు ఉన్నయెడల మన పాతపద్ధతియే చాలును: 100 లీటర్ల పీపా ఎన్ని సెకన్లలో నిండునో గడియారముతో చూడుడు. మనము చెప్పుకొనిన యంత్రమునకు 56 సెకన్లు పట్టవలెను. 80 సెకన్లు పట్టినచో నీరు చాలుటలేదు. నీరు ఆగినప్పుడు యంత్రమును ఆపు ఫ్లో స్విచ్చును కూడ పరీక్షింపవలెను. పని తొందరలో ఆ స్విచ్చు తీగెలను కలిపివేసి యంత్రమును నడపుట పలుచోట్ల జరుగుచున్నది. చల్లనివైపు నీరు తగ్గినచో అది గడ్డకట్టి రేకులను పగులగొట్టును. అప్పుడు నీరు గ్యాసులో కలిసి కంప్రెసరును నాశనము చేయును. ఒక చిన్న స్విచ్చు మాట వినక పెద్ద యంత్రమును పోగొట్టుకొనుటయే అది. పాలను చల్లబరచునట్టి చోట నీరు ఒకటి రెండు డిగ్రీలకు దిగును గనుక అందు గడ్డకట్టని ద్రవము కలుపుదురు. అది ఆహారయోగ్యమైన ప్రొపిలీన్ గ్లైకాల్ కావలెను. ఇథిలీన్ గ్లైకాల్ విషము.

యంత్రము స్థిరముగా నడచిన పిమ్మట జమాఖర్చు వ్రాయవలెను. నీటినుండి వచ్చిన వేడి, మీటరు చూపిన విద్యుత్తు జమ. వేడినీటికి ముట్టిన వేడి ఖర్చు. రెండు ప్రక్కలు దాదాపు సరిపోవలెను. నూటికి పదిపాళ్ళకు మించి తేడా వచ్చినచో ఏదో ఒక థర్మామీటరో మీటరో అబద్ధమాడుచున్నదని గ్రహింపవలెను. ఆ నాటి అంకెలన్నిటిని, అనగా నాలుగు నీటి ఉష్ణోగ్రతలను, రెండు గ్యాసు ఒత్తిడులను, ప్రవాహమును, కరెంటును, ఒక కాగితముపై వ్రాసి, తేది వేసి, సంతకములు చేసి యంత్రపు గదిలో గోడకు తగిలించవలెను. ఆ కాగితము యంత్రమునకు ఆరోగ్యకాలపు నాడి. తరువాత జబ్బు వచ్చినప్పుడు పోల్చి చూచుటకు అదియే ఆధారము.

ఇక పోషణ. నడుపువాడు ప్రతిదినము అవే అంకెలను పుస్తకములో వ్రాయవలెను. పది నిమిషముల పని. వానిని చదువుట నేర్చినచో యంత్రము తన బాధను తానే చెప్పుకొనును. వచ్చు నీటికి, పోవు నీటికి నడుమ 5 డిగ్రీలుండవలసిన తేడా 8 డిగ్రీలైనదా? ప్రవాహము తగ్గినది, మొదట జల్లెడను తీసి చూడుడు. వేడినీటివైపు గ్యాసు ఒత్తిడి నెలనెలకు పెరుగుచు వేడినీరు మాత్రము అంతియే ఉన్నదా? సున్నపు పొర కట్టుచున్నది. ఆ వైపు గ్యాసు ఒక్కొక్క డిగ్రీ అదనముగా వేడెక్కినకొలది విద్యుత్తు నూటికి రెండు మూడు పాళ్ళు ఎక్కువ ఖర్చగును. పీల్చువైపు ఒత్తిడి దిగి, కంప్రెసరు మితిమీరి వేడెక్కుచున్నదా? గ్యాసు ఎచ్చటనో కారుచున్నది. కారుచోటును కనుగొని మూయక గ్యాసును నింపుచుపోవుట కుండ అడుగు చిల్లిని చూడక నీరు పోయుటయే. ఆ గ్యాసు పలు రకములలో భూమిని వేడెక్కించునది గనుక గాలిలోనికి విడువరాదు. సిలిండరులోనికి తిరిగి తీసికొనవలెను.

వారమునకొకసారి జల్లెడ, నెలకొకసారి విద్యుత్తు తీగెల బిగువు, ఆరునెలలకొకసారి కారుట పరీక్ష, సంవత్సరమునకొకసారి నీటి పరీక్ష, థర్మామీటర్ల సరిచూపు, రేకుల శుభ్రత. ఇది చాలినంత నియమము. వేసవిలో నీటిమట్టము దిగి కాఠిన్యము పెరుగుచోట్ల నీటిని రెండుమార్లు పరీక్షించుట మేలు. సున్నపు పొరను తీయుటకు సిట్రిక్ ఆమ్లము, సల్ఫామిక్ ఆమ్లము వంటి మృదువైనవానిని వాడవలెను. బజారులో సులభముగా దొరకు హైడ్రోక్లోరిక్ ఆమ్లము స్టెయిన్‌లెస్ స్టీలును తినివేయును. కడిగిన ఆమ్లపు నీటిని క్షారముతో శమింపజేసి, శుద్ధికి పంపవలెను గాని వాగులోనికి వదలరాదు. నక్కవాగునకు ఇంక భారము వలదు. నిలువచేయు వేడినీటి తొట్టిని 60 డిగ్రీలవద్ద ఉంచుట ఆరోగ్యమునకు అవసరము. గోరువెచ్చని నిలువనీటిలో ఊపిరితిత్తులకు హానిచేయు లెజియొనెల్లా అను సూక్ష్మజీవులు పెరుగును. అయితే కొళాయి వద్ద చల్లనీరు కలిపి ఇయ్యవలెను. 60 డిగ్రీల నీరు పిల్లల చర్మమును కాల్చును.

ఇట్టి యంత్రమును మీ ఇంట నెలకొల్పుకొనవలెనని మేము చెప్పుట లేదు. ఒక కుటుంబమునకు ఇంటికప్పుపైనున్న సూర్యరశ్మియే నీరు కాచిపెట్టగలదు. కాని మీలో పాలసంఘపు సభ్యులుందురు, ఆసుపత్రి నిర్వాహకులుందురు, వసతిగృహములో బిడ్డలను చేర్చిన తల్లిదండ్రులుందురు, కర్మాగారములో పనిచేయువారుందురు. మీ సంస్థకు ఇట్టి యంత్రము వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు అడుగుడు. నీరు వచ్చినచోటికే తిరిగి పోవుచున్నదా? మొదటిదినపు అంకెల కాగితము గోడమీద ఉన్నదా? నేటి అంకెలను ఎవరు వ్రాసిరి? ఈ మూటికిని వెంటనే జవాబు దొరకినచో యంత్రము మంచి చేతులలో ఉన్నదని నమ్మవచ్చును. దొరకనిచో, అది ఎంత విలువైన యంత్రమైనను, మంజీర నీటిని దానికి అప్పగింపకుడు.